అచ్చయింది, అచ్ఛా అయిందా?

మా వదినకి తెలుగు చదవడం రాదు. బిలాస్‌పూర్‌లోనే పుట్టింది, హిందీ బడిలో చదువుకుంది. ఆవిడ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న తెలుగు ఆ ఇంట్లో నోటిదగ్గరే ఉండిపోయింది, కంటిదాకా ఎక్కలేదు. అందుకే ఒక తెలుగు పత్రికలో నా కథ వచ్చినప్పుడు ఫోన్ చేసి, "వదినా, కథ అచ్చయింది" అంటే, "అచ్ఛా అయిందా? మంచిదే. బాగా కుదరడమే కావాల" అంది.

అచ్చవడం వేరు, అచ్ఛా అవడం వేరు. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అయినా సరిదిద్దలేదు. పొరపాటున వచ్చిన పొగడ్తని తిప్పి పంపే అలవాటు నాకు లేదు.

నేను రాసేవి ఆడవాళ్ళ కథలు. పెద్ద ఆశయమేమీ కాదు, నాకు తెలిసిన పాత్రలు అవే. కొన్ని సింకులో ఉంటాయి, కొన్ని కాగితం మీద ఉంటాయి, రెండు చోట్లా పని పూర్తిగా తెమలదు. పగలంతా కోర్టులో సాక్షులు చెప్పింది హిందీలో టైపు చేస్తాను. అక్కడ ఒక పద్ధతి ఉంది. చెప్పడం అయిపోయాక రాసినదంతా సాక్షికి చదివి వినిపించాలి. నేను చెప్పింది ఇదే అని ఒప్పుకుంటేనే సంతకం. ఇరవై రెండేళ్ళలో ఒక్క మాట అటూ ఇటూ చేసి ఎరగను. సాయంత్రం బిలాస్‌పూర్ కుదుదండ్‌లో ఇల్లు చేరి, నడుం వాల్చే ఓపిక కూడా లేక వంటింటి బల్ల ముందు కూర్చున్నాక మాత్రం, వాళ్ళు చెప్పినదానికి చెప్పనివి కలిపి రాస్తాను. చెప్పినవాళ్ళకి వినిపించను. దీన్నే సాహిత్యం అంటారు.

అచ్చయిన ఆ కథ మా వదినదే. ఆవిడకి తెలియదు.

అంతకు ముందు ఏడాది చలికాలంలో, ఊరికి ఆ చివర లాల్‌ఖదాన్‌లో వాళ్ళింటి ముందు ఎండలో కూర్చుని బఠాణీలు ఒలుస్తుంటే చెప్పింది. మా అన్నయ్య గూడ్స్ బండి డ్రైవరు. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు గానీ ఆయన ఎగిరిందేమీ లేదు, ముప్పై అయిదేళ్ళుగా బొగ్గే మోశాడు. రాత్రి డ్యూటీ చేసి పొద్దున వచ్చి, పగలు పడుకుంటాడు. ఆయన పడుకుంటే ఆ ఇంట్లో ఈగ కూడా కాలి మునివేళ్ళ మీద నడవాలి. వదిన గాజులు గలగలమనకుండా మోచేతిదాకా తోసుకుంటుంది. పప్పు కుక్కర్లో పెట్టదు, విజిల్ వస్తుందని గిన్నెలో ఉడికిస్తుంది. పిల్లలిద్దరూ ఆ ఇంట్లో గుసగుసల్లోనే పెరిగి పెద్దవాళ్ళై ఉద్యోగాలకి వెళ్ళిపోయారు.

"మీ అన్న మంచోడే. తిట్టడు, కొట్టడు. నిద్దరోతాడు, అంతే" అంది వదిన. "ఆయన డ్యూటీకెల్తే నేను ఇంటికొచ్చినట్టుంటాది."

"అంటే?"

"అంటే ఏటి, మంచానికి అడ్డంగా పడుకుంటాను. వంట సెయ్యను. గిన్నెడు మరమరాలు పెట్టుకుని టీవీ పెద్దగా పెడతాను. ఎవరన్నా ఫోన్ చేస్తే గట్టిగా మాటాడతాను." కాసేపు గింజలు ఒలిచింది. "వచ్చే ఏడు ఈపాటికి రిటైరైపోతాడు. అప్పుడు రోజంతా ఇంట్లోనే. మరి నేనెక్కడికెల్లాల?"

జవాబు లేనప్పుడు మంచి మనిషి ఊరుకుంటుంది. నాలాంటిది కథ రాస్తుంది.

కథ అచ్ఛా అయిందని తెలిసిన దగ్గర్నుంచీ వదిన వదలలేదు. "ఊరందరూ సదివినారు, ఇంట్లో మనిషికి ఇనిపించవేటి, రచ్చయిత్రీ?" రచయిత్రి అనే మాటని ఆవిడ అలాగే అంటుంది. తెలిసి అంటోందో తెలియక అంటోందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. అన్నయ్య రిటైర్మెంటుకి మూడు వారాలుందనగా ఒక సెలవు రోజు మధ్యాహ్నం పత్రిక సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. ముప్పై అయిదేళ్ళు ఎవరికీ చెప్పని మాట నమ్మి నాకు చెప్పింది. నేను దాన్ని రాష్ట్రాలు దాటించాను.

ఆ రోజు అన్నయ్యకి పగటి డ్యూటీ పడింది, సాయంత్రానికి వస్తాడు. వదిన చాప పరిచి, ఎదురుగా కూర్చుని, పమిట ఒళ్ళో వేసుకుని, "ఊఁ" అంది.

మొదలుపెట్టాను. అప్పటికప్పుడు డ్రైవర్ని బ్యాంకు మేనేజర్ని చేశాను. లాల్‌ఖదాన్‌ని రాయపూర్ చేశాను. పగటి నిద్రకి బదులు ఆయనకి మైగ్రేన్ ఇచ్చాను. నోటికొచ్చింది నోటికొచ్చినట్టు చదివేస్తున్నాను. నిజానికి రాసినదానికంటే అదే బాగుంటోందని కూడా అనిపించింది. పది నిమిషాలయ్యాక వదిన అడ్డొచ్చింది.

"ఏటే, ఇంతసేపట్నించీ సదువుతున్నావు, కాగితం తిప్పవేటి?"

గబుక్కున ఒక పేజీ తిప్పాను.

"నీ కళ్ళు కూడా కదలట్లేదు" అంది. "నాకు సదవడం రాదు గాని సదివేవాళ్ళని సూడ్డం వచ్చు. ఏటి రాసినావో అదే సదువు."

రోజూ ఎంతమంది సాక్షుల్ని చూస్తాను, అబద్ధం పట్టుబడినవాళ్ళ మొహం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. లోపలి నుంచి ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

మొదటికొచ్చి మళ్ళీ చదివాను. ఈసారి ఒక్క మాట మార్చలేదు. గాజులు తోసుకోవడం దగ్గర ఆవిడ తన చేతులవంక చూసుకుంది. మంచానికి అడ్డంగా పడుకోవడం దగ్గర చిన్నగా నవ్వింది. మంచినీళ్ళు అడగడానికి కూడా నాకు మొహం చెల్లలేదు. చివర్లో, రిటైరైన మొగుడు మెళ్ళో దండలతో ఇంటికి వస్తుంటే కథలో ఆవిడ వంటింట్లో తలుపు చాటున ఏడుస్తుంది. అక్కడికి అయిపోయింది.

వదిన ఒళ్ళో పమిట కొంగు తీసి భుజాన వేసుకుంది.

"కోపం వచ్చిందా?" అన్నాను.

"నన్ను ఏడిపించీసినావెందుకు? నేనెప్పుడు ఏడిసినాను? అలిసిపోనాను అన్నాను గాని."

"కథ కదా వదినా..."

"నీకు ఏడుపు సులువుగా వస్తాదేమో. అలుపు రాయడం రాదేటి?"

ఇన్నేళ్ళలో నా కథల మీద వచ్చిన విమర్శల్లో ఇంత సరైనది ఇంకోటి లేదు. తల వంచుకుని ఒప్పుకున్నాను. తెలియకుండా రాసినందుకు తప్పయిందని కూడా అన్నాను.

"తప్పు సంగతి తరవాత" అంది. "సాయంత్రం మీ అన్న వస్తాడు. ఇది ఆయనకి ఇనిపించు. ఆ ఏడుపు ముక్క తీసీయ్."

"నేనా? నువ్వే చెప్పొచ్చు కదా."

"నేను చెప్తే దెబ్బలాటనుకుంటాడు. గొంతెత్తడం నాకు అలవాటు నేదు, ఆయనకి ఇనడం అలవాటు నేదు. నువ్వు సదివితే కథనుకుంటాడు. కథంటే ఇంటాడు. మూడు వారాలే ఉంది. ఒకసారి ఇంట్లో కూకున్నాక ఇంక చెప్పలేను."

అన్నయ్య అయిదు దాటాక వచ్చాడు. మొహమంతా బొగ్గు ధూళి. స్నానం చేసి, టీ తాగి, మంచం మీద కూలబడ్డాడు. "ఏటే, ఎప్పుడొచ్చినావు?" అన్నాడు. కథ సంగతి చెబితే, "కళ్ళు మండుతున్నాయి, నువ్వే సదువు" అన్నాడు. వదిన వంటింట్లోకి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు.

చదివాను. ఏడుపు ముక్క తీసేస్తే కథకి ముగింపు లేకుండా పోయింది. "మరి నేనెక్కడికెల్లాల?" అన్న దగ్గర ఆపేశాను. అన్నయ్య నిద్రపోయాడేమోనని చూశాను. లేదు, పైకప్పు చూస్తున్నాడు.

"ఆ డ్రైవరు ఏటి చేసినాడు మరి?" అన్నాడు.

"అది రాయలేదన్నయ్యా. తెలియలేదు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అన్నయ్య అటు తిరగలేదు. పైకప్పుకే చెప్పినట్టు, కొంచెం గట్టిగా, "రెండు నుంచి నాలుగు దాకా బయటికెల్తే సరిపోతాదా?" అన్నాడు.

"అయిదు" అంది వదిన లోపల్నుంచి.

"అయిదు దాకా ఎక్కడ తిరగను?" ఇది నాతో అన్నాడు. అలసిన మొహం. ఇంజను తప్ప ఇంకో చోటు తెలియని మనిషి. నాకు జాలేసింది. జాలి వేసినప్పుడు నోరు అదుపులో ఉండదు. "ఆదివారాలు మా ఇంటికి రా అన్నయ్యా" అనేశాను. వారం మొత్తంలో నేను అలుపు లేకుండా రాసుకునేది ఆదివారం రెండు నుంచి అయిదే. ఆ సంగతి ఆటో ఎక్కాక గుర్తొచ్చింది.

అన్నయ్య రిటైరై ఇప్పటికి రెండు నెలలు. మిగతా రోజులు స్టేషన్లో బెంచీ మీద కూర్చుని వేరేవాళ్ళు తోలే బళ్ళు చూసి వస్తాడట. ఆదివారాలు మాత్రం సరిగ్గా రెండింటికి మా గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "నువ్వు రాసుకో, నేను లేననుకో" అంటాడు. పది నిమిషాలయ్యాక టీ అడుగుతాడు. తరవాత రైళ్ళ గురించి మాట్లాడతాడు. ఇంట్లో ముప్పై అయిదేళ్ళు మూసుకున్న నోరు కదా, ఇప్పుడు తెరిచాడు.

కిందటి ఆదివారం వంటింట్లోంచి వదినకి ఫోన్ చేశాను. అవతల టీవీ హోరు.

"ఏం చేస్తున్నావు వదినా?"

"ఏటీ సెయ్యట్లేదు" అంది, ఎంతో తీరిగ్గా. "కూకున్నాను. నువ్వేటి చేస్తన్నావు, రాస్తన్నావా?"

"టీ పెడుతున్నాను" అన్నాను.