చదివి వినిపించని కాగితం

మొన్న కంటి శుక్లం ఆపరేషనుకని నెల్లూరులో ఆస్పత్రికి వెళితే, అక్కడి నర్సు పిల్ల నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, మూడు పేజీల అంగీకార పత్రాన్ని మొదటి మాట నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించింది. నాకు చదువొచ్చునే అమ్మాయ్, ఇలా తే అంటే, వచ్చినా సరే వినిపించాల్సిందేనంది. పేజీ పేజీకీ ఆగి, అర్థమైందా అమ్మా అని అడిగింది. తోడెవరు వచ్చారని కూడా అడిగింది, ఎవరూ రాలేదన్నాను. సంతకం పెట్టబోతూ కలం ఆపితే, ఆ పిల్ల ఆపరేషనంటే భయమనుకుని భుజం తట్టింది గానీ, నాకు ఇరవై ఏళ్ళ కిందటి ఇంకో కాగితం గుర్తొచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలది సంగతి. మన వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఏ పేపరు తిరగేసినా జన్యువుల మాటే, మనిషి గుట్టంతా తెలిసిపోయింది, ఇక రోగాలకు రోజులు దగ్గరపడ్డాయని. ఆ ఊపులోనే నేనూ నలభయ్యో ఏట పాండిచ్చేరిలో ఒక పరిశోధనశాలలో చేరాను. పిల్లల్లో కండరాలు ఏళ్ళ తరబడి కరిగిపోయే వంశపారంపర్యపు జబ్బులు కొన్ని ఉన్నాయి. కండరపు పొరని పట్టి ఉంచే మాంసకృత్తుల్లో ఏది కొరవడుతోంది, ఎక్కడ మందు పట్టించవచ్చు అని వెతకడం మా పని. నెల్లితోపు పేటలో మేడమీద ఒంటిగది. పెళ్ళి లేదు, తమిళం రాదు. కూరగాయల మార్కెట్లో కూడా వేలు చూపించి కొనుక్కొచ్చేదాన్ని, రోజంతా కలిపి పది మాటలు మాట్లాడితే గొప్ప. పనిరోజులు ఎలాగో జరిగిపోయేవి, ఆదివారమంటేనే గుండె జారిపోయేది.

అలాంటి రోజుల్లో మా ప్రొఫెసరుగారు కడలూరు రోడ్డులో కిరుమాంబాక్కం అనే ఊరి అడ్రసొకటి ఇచ్చి, ఆ ఇంట్లో పన్నెండేళ్ళ పిల్లకి కాళ్ళు పడిపోతున్నాయి, ఇంటిల్లిపాది నెత్తురు నమూనాలు తెమ్మన్నారు. గుమ్మంలో నిలబడి నాకున్న నాలుగు తమిళ మాటలూ కూడదీసుకుంటుంటే, పిల్ల తల్లి లోపలికి తిరిగి, ఎవరో వచ్చుండారు, ఏందో చూడమని కేకేసింది. తెలుగు! ఎన్ని తరాల కిందటో వచ్చి స్థిరపడిన సేద్యగాళ్ళట. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోవడమెందుకు. ఆ తల్లి కట్టుకున్నది సొంత మేనమామనే. లోపమున్న ఒకే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ పిల్లకి దిగింది.

నమూనా తీసుకునే ముందు అంగీకార పత్రం ఇవ్వాలి, అది వాళ్ళ భాషలో ఉండాలి. ఆఫీసువాళ్ళిచ్చిన తమిళ పత్రం నా సంచిలోనే ఉంది. అయినా, తెలుగువాళ్ళకి తమిళ పత్రమేమిటని రెండు సాయంత్రాలు కూర్చుని మంచి తెలుగులో, గుండ్రటి అక్షరాలతో నేనే రాసుకెళ్ళాను. ఇది పరిశోధన మాత్రమే, వైద్యం కాదు, దీనివల్ల మీ బిడ్డకి మందు దొరుకుతుందని చెప్పలేము అన్నది అందులో రెండో పేజీ. ఆ తల్లి కాగితం అందుకుని కిందా మీదా చూసి, చాలా బాగుందక్కా అని, తమిళంలో సంతకం చేసింది. ఆ సంతకం నా కళ్ళముందే ఉంది. పొగడ్తకి పొంగిపోయిన మనిషికి కళ్ళెక్కడ కనిపిస్తాయి?

తర్వాత పనున్నా లేకపోయినా ఆదివారం ఆదివారం కడలూరు బస్సెక్కేదాన్ని. అన్నం పెట్టేవారు, పిల్ల పెద్దమ్మా అని పిలిచేది. మెట్టెక్కాలంటే మోకాళ్ళమీద చేతులు ఊని తనని తానే పైకి నెట్టుకునేది, ఎక్కాక నవ్వేది. వసారాలో గోడకి ఆనించి ఒక ఎర్ర సైకిల్ ఉండేది, వాళ్ళ తాత వారం వారం దానికి గాలి కొడుతుండేవాడు. ఎవరు తొక్కుతారని నేనెప్పుడూ అడగలేదు.

నాలుగో నెలలో కాబోలు, పిల్ల పలకొకటి తెచ్చి, పెద్దమ్మా, మన అక్షరాలు నేర్పించు, మా ఇంట్లో ఎవరికీ రావు అంది. అంతా తమిళ బడుల్లో చదివినవాళ్ళు, తెలుగు నోటికే గానీ కంటికి రాదు. నా కాగితాన్ని ఎవరూ చదవలేదు. అంత ఇష్టంగా రాసుకొచ్చిన మనిషిని చిన్నబుచ్చలేక ఊరుకున్నారు. ఆరోజే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. ఇంతలో ఆ తల్లి నా విస్తట్లో రసం పోస్తూ, వచ్చే ఏటికన్నా మందు వస్తాదా అక్కా అని అడిగింది. చెబితే ఈ విస్తరి ఉండదని, ఈ పిలుపు ఉండదని భయం వేసింది. చూద్దాం అన్నాను. అలా ఏడాది పైగా ఎన్ని ఆదివారాలు చూద్దామన్నానో లెక్కలేదు.

జన్యువులో ఎక్కడ ముక్క ఎగిరిపోయిందో చివరికి దొరికింది. జన్యువు ముక్కల్ని గీతలుగా చూపించే పరీక్ష ఫోటోలో, ఉండాల్సిన గీత ఉండాల్సిన చోట లేదు. తల్లిదండ్రులిద్దరిలో ఆ గీత సగం మందమే, పిల్లలో పూర్తిగా లేదు. ప్రొఫెసరుగారు చేయి కలిపారు, అంతా మెచ్చుకున్నారు. గదికి వచ్చాక ఆ సంతోషం చెప్పుకోవడానికి నాకు ఆ ఇల్లు తప్ప ఇంకెవరూ లేరు. అదీ నా బతుకు. రోగం మూలం దొరికింది, మందు దొరకలేదు. ఇక దాచే దారి లేదు.

ఆ ఆదివారం నా కాగితం నేనే పైకి చదివాను. రెండో పేజీ కూడా ఒక్క మాట వదలకుండా చదివాను. ముసలాయన చేతిలో పంపు అలాగే ఉండిపోయింది. ఆ తల్లి నా చేతిలోని కాగితం తీసుకుని మడత పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది.

"మొదటి దినమే చెప్పుంటే కూడా నెత్తురు ఇచ్చుంటామక్కా. బిడ్డకి మాత్రం చెప్పుండం, మందు వస్తాదని."

తిట్టి ఉంటే బాగుండేది. గడపమీద కూర్చున్న పిల్ల నా వైపు చూడలేదు.

"ఆ సైకిల్ చిన్నాన్న బిడ్డకి ఇచ్చేయమ్మా," అంది.

నన్నెవరూ పొమ్మనలేదు. మజ్జిగిచ్చారు, బస్సు దాకా వచ్చారు, వచ్చే వారం రా అక్కా అంది ఆ తల్లి. చూద్దాం అన్నాను. మళ్ళీ వెళ్ళలేదు. ఆ ఏడాదే ఉద్యోగం మార్చుకుని నెల్లూరు వచ్చేశాను.

ఇప్పుడు కాలం మారింది. కాగితం చదివి వినిపించందే సంతకం పెట్టనివ్వరు, అర్థమైందా అని మూడుసార్లు అడుగుతారు. అలాంటి జబ్బుల్లో కొన్నింటికి మందులు ప్రయత్నిస్తున్నారని కూడా చదువుతున్నాను. ఆ పిల్ల అందుకునే వయసులో ఉందో, అసలు ఉందో లేదో నాకు తెలియదు. కనుక్కోవడం కష్టమా అంటే కాదు, కడలూరు బస్సు ఇప్పటికీ అదే రోడ్డున పోతుంది. వెళ్ళే మొహమే లేదు.

నర్సు పిల్ల చదివిన పత్రం అడుగున, దగ్గరివాళ్ళ పేరు రాయమని ఒక గీత ఉంది. కలం పట్టుకుని కాసేపు ఆలోచించాను. నన్ను పెద్దమ్మా అని పిలిచిన మనిషి ఈ లోకంలో ఒక్కతే. ఆ గీత ఖాళీగానే వదిలేసి, కింద సంతకం పెట్టాను.