బ్రేకుల్లో గాలి

నిన్న ఉదయం సాయిబుగారు వచ్చి బండి మీద పట్టా తీయగానే, ఎవరూ పిలవకుండానే వెళ్ళి సీట్లో కూర్చుని పెడల్ మీద కాలు పెట్టాను. ఆయన మావారితో తాడేపల్లిగూడెం ట్రాక్టర్ల షెడ్డులో ఇరవయ్యేళ్ళు పనిచేసిన మెకానిక్. చక్రం దగ్గర కూర్చున్న మనిషి తలెత్తి చూసి, "మీకెందుకండీ శ్రమ? నేనొక్కణ్ణే చేసేసుకుంటానండీ" అన్నారు. బ్రేకుల్లో గాలి తీయాలంటే ఇద్దరు మనుషులు కావాలని చెప్పబోయాను. యంత్రాల గురించి నాకు తెలిసిన సంగతి ఈ లోకంలో అదొక్కటే మరి. ఆయన నవ్వి, మావారి సామాన్ల పెట్టెలోంచి గొట్టం తగిలించిన చిన్న సీసా ఒకటి తీశారు. నేను బండి దిగి అరుగు మీద కూర్చున్నాను.

బండిని మా తమ్ముడికి ఇచ్చేస్తున్నాను. కొల్లేరులో వాడికి చేపల చెరువులున్నాయి. మేత బస్తాలు గట్టు మీదకి చేరవెయ్యడానికి పనికొస్తుందన్నాడు. రెండేళ్ళుగా వట్లూరులో మా ఇంటి పక్క రేకుల కింద పట్టా కప్పుకుని ఉన్న బండి అది. దాని పక్కనే నేనూ ఉన్నాను, పట్టా ఒక్కటే తక్కువ.

మావారు రిటైరయ్యాక కట్టిన బండి. పాత ఆటో ఇంజను, ఏదో తుక్కు కారు చక్రాలు, గేటుకి వాడగా మిగిలిన ఇనప గొట్టాలు, ఇద్దరు కూర్చోడానికి సినిమా హాలు వాళ్ళు పారేసిన కుర్చీలు. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "ఏవండీ, రెక్కలెప్పుడు పెడతారండీ?" అని రోజూ అడిగేది. మావారు జవాబు చెప్పేవారు కాదు. అసలు ఎవరికీ పెద్దగా చెప్పేవారు కాదు. మా కాపురంలో ఆయన మాటలన్నీ కలిపి రాస్తే నలభై పేజీల నోటుబుక్కు నిండదు, అందులోనూ సగం 'ఉప్పు తక్కువైంది' అనే ఉంటుంది. అలాంటి మనిషి ఒక రోజు నా మోకాళ్ళకి నూనె రాసుకుంటుంటే చూసి, "మీ ఊరి గట్టు చివరిదాకా నిన్ను తీసుకెళ్తాను" అన్నారు. కొల్లేరులో మా పుట్టింటి ఊళ్ళో చెరువుల మధ్య గట్లు సన్నం, కారు పట్టదు. చివరి గట్టు దాటితే సరస్సు, శీతాకాలంలో పక్షులు. చిన్నప్పుడు నాన్నకి అన్నం క్యారేజీ పట్టుకుని అక్కడిదాకా నడిచేదాన్ని. ఇప్పుడు వీధి చివరికే నడవలేను. బండి అంత ఇరుగ్గా ఎందుకు కట్టారో ఆ మాటతో తెలిసింది.

ముందు సైకిలుకున్నట్టు తీగ బ్రేకులు పెట్టారు. కాలవ గట్టు మీద మొదటిసారి నడిపినప్పుడు ఆయన బ్రేకు తొక్కుతూనే ఉన్నారు, బండి పోతూనే ఉంది. చివరికి కాలవలో గుర్రపుడెక్కలోకి దిగి ఆగింది. ఎడమ కాలి చెప్పు ఈ రోజుకీ దొరకలేదు. ఒళ్ళంతా బురదతో ఇంటికొచ్చి, "ఆయిలు బ్రేకులు పెట్టాలి" అన్నారు. ఆ రోజుకి ఆయన మాటలు అయిపోయాయి.

ఆయిలు బ్రేకులు బిగించడం పెద్ద పని కాదట, గొట్టాల్లో గాలి లేకుండా చెయ్యడమే పనట. గాలి ఉంటే పెడల్ మెత్తగా దిగిపోతుంది, బండి ఆగదు. అందుకని సాయంత్రం నన్ను సీట్లో కూర్చోబెట్టి ఆయన బండి కిందకి దూరారు. "తొక్కి పట్టుకో" అంటే తొక్కి పట్టుకోవాలి. ఆయన చక్రం దగ్గర చిన్న మర వదులు చేస్తే ఆయిలూ గాలి బుడగలూ బయటికొస్తాయి. ఆయన మళ్ళీ బిగించి "వదులు" అన్నాకే కాలు తీయాలి. మొదటి రోజు తొందరపడి ముందే తీసేశాను. "బిగించకుండా వదిలితే గాలి మళ్ళీ లోపలికి పోతుందే! చేసిందంతా మళ్ళీ మొదలు" అని కేకలేశారు.

చిత్రమేమిటంటే, బండి కిందకి దూరిన మావారు వేరే మనిషి. మొహాలు కనబడకపోవడం వల్లో ఏమో, మాట్లాడేవారు. పెంటపాడులో చిన్నప్పుడు ఊడ్పులు ఎగ్గొట్టి లారీ ఇంజను చూస్తూ కూర్చుంటే వాళ్ళమ్మ చీపురుతో కొట్టిన సంగతి, మా పెళ్ళిలో నా మొహం చూడ్డానికి భయపడిన సంగతి. మూడో రోజున, మూడు చక్రాలయ్యాక, ఉన్నట్టుండి కిందనుంచి అడిగారు.

"పిల్లల్లేరని నీకు బాధగా ఉండేదా?"

పెళ్ళయిన ముప్ఫయ్యేడేళ్ళలో ఆ ప్రశ్న మా ఇంట్లో పుట్టలేదు. పెడల్ తొక్కిపట్టి ఉన్నాను. "ఉండేదండీ" అన్నాను. కింద ఆయన మర వదులు చేశారు. తర్వాత "నాకూనూ" అన్నారు.

ఇంక ఒక్క చక్రం మిగిలింది. అది అయిపోతే ఆయన కిందనుంచి లేస్తారు, చేతులు కడుక్కుంటారు, మాటలుండవు. ఆ సంగతి తలుచుకుంటే నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఆయన "వదులు" అనకముందే కాలు తీసేశాను. మర్నాడూ తీశాను. ఆ మర్నాడూ. పెడల్ మెత్తగానే ఉండేది, ఆయన రోజూ బండి కిందకి దూరేవారు, నేను రోజూ వింటూ కూర్చునేదాన్ని. అలా పన్నెండు సాయంత్రాలు దొంగిలించాను.

పన్నెండో సాయంత్రం గడిచిన మర్నాడు ఉదయం కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారు. పక్షులు వచ్చేశాయని తమ్ముడు అంతకుముందు రోజే ఫోన్ చేశాడు. గట్టు చివరికి మేం వెళ్ళనేలేదు. నేను బుద్ధిగా కాలు పెట్టుకుని కూర్చుని ఉంటే నాలుగో రోజునే వెళ్ళేవాళ్ళం. ఆయన మాట నిలబెట్టుకునేవారు. ఈ రెండేళ్ళలో ఇది ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఇంట్లో ఎవరున్నారు?

సాయిబుగారు పావుగంటలో నాలుగు చక్రాలూ ముగించి, సీసా తుడుస్తూ అరుగు దగ్గరికొచ్చారు. అదేం సీసా అని అడిగాను.

"మీవారు చేసిందేనండీ. ఈ గొట్టంలో చిన్న మూత ఉందండి, ఆయిలు బయటికే గానీ వెనక్కి పోదు. ఒక్క మనిషే తొక్కుకోవచ్చు. షెడ్డులో ఆయన ఇంకొకళ్ళని పిలిచేవారే కాదండీ. మాట్లాడాల్సొస్తుందని" అని నవ్వారు.

నేను అరుగు మీంచి లేచాను. "అది లేకుండా ఇద్దరు చేస్తున్నప్పుడు, పైనున్న మనిషి ముందే కాలు తీసేస్తే కిందున్న వాళ్ళకి తెలుస్తుందా అండీ?"

"ఎందుకు తెలీదండీ! కళ్ళ ముందే ఆయిలు వెనక్కి పోద్ది. ఆయనకైతే కళ్ళు మూసుకున్నా తెలిసిపోద్దండి."

సాయిబుగారు వెళ్ళాక బండెక్కి పెడల్ తొక్కాను. రాయిలా గట్టిగా ఉంది. తమ్ముడికి ఫోన్ చేసి, బండి తీసుకెళ్ళేటప్పుడు నన్ను గట్టు చివరిదాకా తీసుకెళ్ళమన్నాను. తర్వాత చాలాసేపు పెడల్ మీంచి కాలు తీయకుండా అలాగే కూర్చున్నాను. ఆ పన్నెండు సాయంత్రాలూ నేనొక్కదాన్నే దొంగిలించాననుకున్నాను; సీసాని పెట్టెలోనే ఉంచి ఆయనా దొంగిలించారు. అవి పోయిన కాలం కాదు, ముప్ఫయ్యేడేళ్ళలో మేమిద్దరం కలిసి గడిపిన కాలం అంతా అదే.