పాత తేదీల ఉత్తరం

ఆ రోజుల్లోంచి నాకు బాగా గుర్తున్నది అలసటే. పొద్దున్న డిగ్రీ పిల్లలకి హిస్టరీ పాఠాలు, మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గది బయట సంతకాల కోసం ఎదురుచూపులు, సాయంత్రం నెట్ సెంటర్లో మెయిల్ తెరుచుకునేదాకా ప్లాస్టిక్ కుర్చీలో కునికిపాట్లు. ఇంటికొచ్చేసరికి మా ఆయన స్టీల్ ప్లాంట్‌లో బి షిఫ్టుకి వెళ్ళిపోయి ఉండేవారు. ఆయన మూతపెట్టి ఉంచిన కూరతో నాలుగు మెతుకులు తిని, మళ్ళీ ఫైళ్ళు ముందేసుకునేదాన్ని.

ఫైళ్ళన్నీ ఒక్క ప్రాజెక్టువే. యూరప్‌లో బాగా ఉత్తరాన ఉన్న ఒక చిన్న రేవు పట్నం కాలేజీకీ, వన్ టౌన్ దగ్గరున్న మా కాలేజీకీ మధ్య ఒప్పందం కుదిరింది. అక్కడి పిల్లలు వచ్చి మా రేవులో పనిచేసి రిటైరైన వాళ్ళతో మాట్లాడి రికార్డు చేసుకోవాలి. తర్వాత మా పిల్లలు వెళ్ళి అక్కడివాళ్ళతో అలాగే మాట్లాడాలి. వాళ్ళ వైపు బాధ్యత ఒక నడివయసు టీచరమ్మది. మా వైపు నాదీ, జువాలజీ మాస్టారుదీ. మాస్టారిది ఎలమంచిలి దగ్గర పల్లె. హిస్టరీ ప్రాజెక్టులో జువాలజీ ఆయనకేం పనని అందరూ అడిగేవారు. స్టాఫ్ రూములో నేను అడిగితే కాదనని మనిషి ఆయనొక్కరే, అందుకు.

నాకు మాత్రం అది సొంత విషయంలా ఉండేది. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి రేవులో టాలీ క్లర్కుగా చేరాడు. ఓడలోంచి దిగే బస్తాలు లెక్కబెట్టడం ఆయన పని. ఇంట్లో మాట్లాడేటప్పుడు కూడా బొటనవేలు వేళ్ళ కణుపుల మీద జరుగుతూనే ఉండేది. ఆ మాట ఒక సెమినార్లో చెబితే విన్న టీచరమ్మ, నా దగ్గరికి వచ్చి పరిచయం చేసుకుంది. అలా మొదలైంది.

మా వైపు నుంచి అయిదుగురు ఆడపిల్లల్ని ఎంచాం. అందులో ఒకమ్మాయి రోజూ తగరపువలస నుంచి బస్సులో వచ్చేది. వాళ్ళ నాన్నకి అక్కడ మార్కెట్ వీధిలో తాళ్ళు, పలుపులు అమ్మే కొట్టుంది. ఆ పిల్ల ఇంగ్లీషులో వ్యాకరణం తప్పులుండేవి గానీ భయం ఉండేది కాదు. డిసెంబర్లో టీచరమ్మ తన విద్యార్థులతో వచ్చినప్పుడు వన్ టౌన్ సందులో ఒక ముసలి ఖలాసీ ఇంటికి వెళ్ళాం. ఓడల మీద సరుకు దించుతూ ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి. అరుగు మీద చోటు చాలక సగంమంది రోడ్డు మీదే నిలబడ్డారు. ఆటో వచ్చినప్పుడల్లా అందరం గోడకి అతుక్కుపోయేవాళ్ళం. వాళ్ళ రేవులోకి ఇప్పుడు ఓడలు రావని టీచరమ్మ చెబితే, ముసలాయన కంగారుపడ్డాడు.

"ఓడలు రాపోతే మరెలా బతుకుతున్నారమ్మా?" అన్నాడు.

తగరపువలస అమ్మాయి ఆ ప్రశ్నని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో అడిగింది. టీచరమ్మ చేతిలోని నోట్‌బుక్కు మూసింది. తర్వాత తన తండ్రి గురించి, ఆయన పని పోయిన ఏడాది గురించి చెప్పడం మొదలుపెట్టింది. మా అమ్మాయి ఒక్క మాట వదలకుండా ఇటు తెలుగులో చెప్పింది. ముసలాయన లేచి వెళ్ళి ఆవిడకి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. తిరిగి వస్తూంటే టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఈ అమ్మాయి వచ్చినప్పుడు మా ఇంట్లోనే ఉండాలి" అంది.

మేం మేలో వెళ్ళాలి. పరీక్షలు వాయిదా పడ్డాయి. ప్రయాణం జూన్‌కి మార్చాం. అటునుంచి కొత్త ఆహ్వానం వచ్చింది, నేను మా కాలేజీ ఉత్తరం మళ్ళీ టైపు చేయించాను. వీసా ఇంటర్వ్యూకి అందర్నీ మద్రాసు తీసుకెళ్ళాలి. రెండు వారాలు పిల్లల్ని కూర్చోబెట్టి జవాబులు వల్లె వేయించాను. "అక్కడే ఉండిపోతావా అని అడిగితే ఏం చెప్పాలి?" అంటే అయిదుగురూ ఒకే గొంతుతో, మా వాళ్ళంతా ఇక్కడే ఉన్నారు సార్, తిరిగొచ్చి డిగ్రీ పూర్తి చేస్తాం, అని అప్పజెప్పేవారు.

మద్రాసులో ఒక్కొక్కళ్ళూ లోపలికెళ్ళి వచ్చారు. తగరపువలస అమ్మాయి నవ్వుకుంటూ బయటికొచ్చింది.

"అక్కడ ఉండిపోవాలని నేదా అనడిగారు మేడమ్. మంచి ఉద్యోగం ఇత్తే ఎవరుండరు సార్, గానీ నన్నెవరు ఉంచుకుంతారు అన్నాను. ఆయన ఒకటే నవ్వు!"

మిగతా పిల్లలు నవ్వలేదు. తర్వాతి వారం కాలేజీకి పోస్టులో జవాబులు వచ్చాయి. నాకూ మాస్టారికీ వీసాలు వచ్చాయి. అయిదుగురు పిల్లలకీ రాలేదు. వచ్చిన కాగితం మీద ఏదో నియమం నంబరు తప్ప కారణం లేదు.

ఆ రోజు స్టాఫ్ రూములో నేను అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మిగతా నలుగురి ముందే అన్నాను. "నీ ఒక్కదాని నోటి దూల వల్ల అయిదుగురి ప్రయాణం పోయింది. ఆర్నెల్ల నా కష్టం పోయింది." ఆ పిల్ల తలొంచుకుని నిలబడింది. వాదించలేదు. "సారీ మేడమ్" అని వెళ్ళిపోయింది.

"మరీ అంతలా అనేసారేటి మేడమ్" అన్నారు మాస్టారు.

"మీకేం, మీరు అప్లికేషన్లు రాయలేదుగా" అన్నాను. ఆయన మీద కూడా విసుక్కున్నాను.

మేమిద్దరమే వెళ్ళాం, క్యాసెట్లు పట్టుకుని. అక్కడ అయిదుగురు పిల్లల కోసం అయిదిళ్ళలో మంచాలు సిద్ధం చేసి ఉంచారు. జూన్ అయినా చలి. రేవులో క్రేన్లు రంగు వెలిసి ఊరికే నిలబడి ఉన్నాయి. ఆ మర్నాడు వాళ్ళ క్లాసులో ముసలి ఖలాసీ క్యాసెట్ వేశారు. ఆయన గొంతు, వెనకే ఆటో హారన్లు, మధ్యలో మా అమ్మాయి గొంతు. ముప్ఫైమంది పిల్లలు కదలకుండా విన్నారు. ఈ గొంతు ఎవరిదని ఒకబ్బాయి అడిగాడు. రాలేకపోయిన మా విద్యార్థినిది అని చెప్పాను.

ఆ సాయంత్రం టీచరమ్మ తన వంటింటి బల్ల మీద కాగితాలు పరిచింది. ఆ నియమం నంబరు ఏమిటో తమ దేశపు వీసా ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుందట. ఆహ్వానంలో ఉన్న తేదీలకీ, కాలేజీ ఉత్తరంలోని తేదీలకీ పొంతన లేకపోతే వేసే నంబరు అది. ఆవిడ పంపిన ఆహ్వానంలో జూన్ ఉంది. పిల్లల ఫైళ్ళలో నేను పెట్టిన కాలేజీ ఉత్తరంలో మే ఉంది. కొత్త ఉత్తరం టైపు చేయించాను, సంతకం పెట్టించాను, బీరువాలో పెట్టాను. పిల్లల ఫైళ్ళలో పాతదాని జిరాక్సులే ఉండిపోయాయి. మా ఇద్దరి సెలవు ఉత్తర్వులు వేరు. అవి సరిగ్గానే ఉన్నాయి.

"మీరు నాకు పంపిన ఆ ఫైళ్ళ కాపీని నేనైనా చూసి ఉండాల్సింది" అంది టీచరమ్మ. తప్పులో సగం తను తీసుకోవాలని చూసింది. అది ఇంకా కష్టంగా అనిపించింది.

మర్నాడు రేవు గట్టు మీద కూర్చుని మాస్టారికి చెప్పాను. 

"ఆ పిల్లకి సెప్పాలి మేడమ్" అన్నారు. నా మొహం చూసి, "ఎల్లాక సూద్దాంలెండి" అన్నారు.

తిరిగొచ్చాక రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. పేపర్లు దిద్దడం వచ్చింది, అడ్మిషన్లు వచ్చాయి, ప్రాజెక్టు రెండో ఏడాది రిపోర్టు వచ్చింది. ఆ పిల్ల ఫైనల్ ఇయర్ అంతా చివరి బెంచీలో కూర్చుంది. వరండాలో ఎదురైతే పక్కకి జరిగేది. చెప్పడానికి నాకు ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం కుదరలేదని నన్ను నేను నమ్మించుకున్నాను. మరుసటేడు జూన్‌లో వేరే పిల్లల్లో ఇద్దరికి వీసాలొచ్చాయి, వెళ్ళొచ్చారు. ప్రిన్సిపాల్ మీటింగు పెట్టి నాకు శాలువా కప్పారు.

వాళ్ళు తెచ్చిన పార్సెల్లో అయిదు పుస్తకాలు ఉన్నాయి. మొదటి ఏడాది క్యాసెట్లలోని మాటలన్నీ అచ్చువేసి, ఆ అయిదుగురికీ తలొకటి పంపింది టీచరమ్మ. డిగ్రీ అయిపోయిన నలుగురు కాలేజీకి వచ్చి తీసుకెళ్ళారు. ఒకటి నా బల్ల మీదే ఉండిపోయింది. ఒక ఆదివారం దాన్ని బ్యాగులో పెట్టుకుని తగరపువలస బస్సెక్కాను.

కొట్లో ఆ అమ్మాయే ఉంది. చేతులు చాచి బారలు లెక్కబెట్టి తాడు కోస్తోంది. నన్ను చూసి, "రండి మేడమ్" అని స్టూలు తుడిచింది. పుస్తకం అందుకుని అట్ట చూసింది, తెరవలేదు.

"ఏం చేస్తున్నావమ్మా ఇప్పుడు?"

"నాన్నకి ఒంట్లో బాగోట్నేదు. ఇక్కడే. ఒక స్కూల్లో ఇంటర్వ్యూకి ఎల్లేను. నోరు పెగల్లేదు మేడమ్. ఏదంటే ఏటౌతాదో అని."

నేను చెప్పేశాను. తేదీలు, బీరువా, జిరాక్సులు, అన్నీ. తప్పు నాదని, తన మాటకీ దానికీ సంబంధం లేదని. ఎవరో పలుపు కోసం వస్తే లేచి వెళ్ళి ఇచ్చి వచ్చింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"అక్కడికి వెళ్ళినప్పుడే."

వేళ్ళ మీద లెక్కపెట్టలేదు గానీ లెక్క కట్టిందని తెలిసింది.

"ఏడాది దాటిపోనాది."

"అవును."

"ఆ నలుగురికీ సెప్పేరా?"

"లేదు."

"ఆళ్ళు నాతో మాటాడ్డం మానేసారు మేడమ్." గొంతు పెంచలేదు. "మా ఇంట్లో కూడా నా వల్లే పోనాదని సెప్పుకున్నాను. ముందు ఆళ్ళకి సెప్పండి. నాకు సెప్పడం తర్వాత."

 వాళ్ళమ్మ లోపలి నుంచి టీ తెచ్చింది. "మేడమ్ ఇంత దూరం వచ్చారు" అని ఆవిడ సంబరపడుతుంటే, ఆ టీ గబగబా తాగేసి లేచాను.

ఆ తర్వాతి వారంలోనే నలుగురికీ నాలుగు ఇన్‌లాండ్ లెటర్లు రాశాను. ఒకే విషయం నాలుగుసార్లు, నాలుగుసార్లూ నా చేతిరాతతో. ఇద్దరు జవాబు రాశారు. అందులో ఒకమ్మాయి తగరపువలస కొట్టుకి వెళ్ళి ఆ పిల్లని కలిసి వచ్చానని రాసింది. మిగతా ఇద్దరి సంగతి నాకు తెలీదు. ప్రిన్సిపాల్‌కి కూడా చెప్పాను. "ఇప్పుడవన్నీ ఎందుకండీ, ప్రాజెక్టు బానే నడుస్తోందిగా" అన్నారు.

ఇంకో రెండేళ్ళు నడిపి మాస్టారికి అప్పజెప్పాను. ఒంట్లో ఓపిక అయిపోయిందని చెప్పాను, అది నిజమే.

నేను తప్పుకునే ముందు టీచరమ్మ కొత్త విద్యార్థుల్ని తీసుకుని మళ్ళీ వచ్చింది. తగరపువలస అమ్మాయిని చూడాలంది. కబురు చేస్తే వస్తుందనుకోలేదు, వచ్చింది. అప్పటికి తగరపువలసలోనే ఒక స్కూల్లో ఇంగ్లీషు చెబుతోంది. రోజంతా ఫిషింగ్ హార్బర్లో ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసింది. సాయంత్రం టీచరమ్మ ఆమెని దగ్గరికి తీసుకుని ఏదో చెప్పింది. నేను వాళ్ళకి దూరంగా నిలబడ్డాను.

బస్సెక్కే ముందు ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "వెళ్తాను మేడమ్, రేపు క్లాసుంది" అంది. నేను ఇంకేదో అనేలోపు కండక్టర్ విజిల్ వేశాడు. మాస్టారు పక్కనుంచి, "మేడమ్, పై దేశం నుంచి వచ్చినోళ్ళ పేర్లు పోలీసు ఆఫీసులో రాయించాలి, ఆరుకి మూసేత్తారు" అన్నారు. ఫైలు చంకలో పెట్టుకుని, తేదీలు మళ్ళీ ఒకసారి సరిచూసుకుని, ఆయన వెనకే ఆటో ఎక్కాను.