ఐలా గారి డిగ్రీలు

ఐలా హౌతాల గారు జన్మలో ఎవరినీ "బాగున్నారా" అని అడగలేదు. "ఎంతుంది?" అని అడిగేది. ఎంతుందంటే, వేడి. కాఫీకెంత, కారు ఇంజనుకెంత, కంప్యూటరుకెంత. ఆవిడ లెక్కలో డిగ్రీలు తెలియకుండా ఒక వస్తువు మంచిచెడ్డలు మాట్లాడేవాడు మూర్ఖుడు.

కెనడాలోని థండర్‌బే ఊళ్ళో ఆవిడ నడిపే కంప్యూటర్ల మరమ్మతు కొట్టులో పని అడగడానికి వెళితే, నా చదువు సంగతి ఎత్తలేదు. సొరుగులోంచి తుపాకీ లాంటిదొకటి తీసి నా నుదుటికి గురిపెట్టింది. నేను చేతులు పైకెత్తేశాను.

"దించు నాయనా. ముప్పయ్యారున్నర. పనికొస్తావు, రేపు రా" అంది.

మా చెల్లెలి పెళ్ళి విందుకు ఆవిడను పిలవడం నా తప్పే. పాస్టరు గారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, సూపులో థర్మామీటరు ముంచి చూసింది. "అరవై రెండు. పాస్టరు గారూ, ఇంకో రెండు మాటల్లో ముగించండి, చల్లారిపోతుంది" అంది. మా చెల్లెలు నన్ను చూసిన చూపుకు ఎన్ని డిగ్రీలో ఎవరూ కొలవలేదు.

కొట్టులో వైరస్‌ల నుంచి కాపలా నా వంతు, వేడి ఆవిడ వంతు. కొందరు ఖాతాదారుల కంప్యూటర్లలో వేడిని కనిపెట్టే ప్రోగ్రాం పెట్టింది. దానికి డ్రైవరనే చిన్న తోడు ప్రోగ్రాం ఉంటుంది. అది యంత్రం పొట్టలోకి దూరి డిగ్రీలు చదివి మా కొట్టు తెరకు పంపుతుంది. అలాంటివి పదకొండు. వాటి యజమానులందరికీ చెప్పే పెట్టింది గాని, ఎందుకని నేనడిగితే మాత్రం "యంత్రాలు సుకుమారం" అనేది.

జనవరిలో ఒక గురువారం నేను అందరికీ కొత్త యాంటీవైరస్ ఎక్కించాను. శుక్రవారం పొద్దున్న వచ్చేసరికి ఐలా గారు కోటు కూడా విప్పకుండా తెర ముందు నిలబడి ఉంది. పదకొండు గళ్ళూ ఖాళీ.

"ఏం చేశావయ్యా డారిల్?"

"నేనేం చేయలేదండీ. మీ డ్రైవరు పాతది. దాంట్లో కన్నముంది. దొంగ ప్రోగ్రాం ఏదైనా ఆ కన్నంలోంచి నేరుగా లోపలికి పోవచ్చు. అందుకే యాంటీవైరస్ దాన్ని పట్టుకుని మూలన కూర్చోబెట్టింది."

"అయితే నీ కాపలావాణ్ణి పీకెయ్."

"వాడిదేం తప్పులేదండీ. వాణ్ణి తీస్తే తలుపులన్నీ బార్లా తెరిచినట్టే. కన్నం పూడ్చిన కొత్త డ్రైవరొచ్చింది. పాతది తీసేసి అది పెడితే ఇద్దరికీ గొడవుండదు. సోమవారం చేస్తాను."

"సోమవారమా? ఇప్పుడు చెయ్."

ఆవిడ దగ్గర చేరిన తొమ్మిదేళ్ళలో నన్నిలా తొందరపెట్టడం అదే మొదలు. వెంటనే పనికి కూర్చున్నాను. కొట్టులోంచే ఒక్కొక్క యంత్రంలోకీ వెళ్ళి, పాతది తీసి, కొత్తది పెట్టి, యాంటీవైరస్ ఏమీ అనలేదని చూసుకుని, తర్వాతి దానికి పోయాను. గళ్ళు నిండుతూ వచ్చాయి. ముప్పయ్యెనిమిది. నలభై ఒకటి. ముప్పయ్యారు. ఆవిడ ఒక్కో అంకెకూ ఒక్కో ఊపిరి వదిలింది.

ఆఖరుది ఉర్హో లాంపి అనే ముసలాయనది. పదకొండు డిగ్రీలు.

"అబ్బ, ఎంత చల్లగా ఉందో చూడండి. దీనికి నూరేళ్ళాయుష్షు" అన్నాను సంబరంగా.

వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ మొహంలో రక్తం లేదు. "కారు తియ్" అంది.

బయట మైనస్ ముప్పయి రెండు. దారి పొడుగునా నేను ఆ పదకొండు పేర్లూ తలుచుకున్నాను. అందరూ డెబ్బయ్యయిదు దాటినవాళ్ళు. అందరూ ఒంటరివాళ్ళు. తొమ్మిదేళ్ళుగా అదే పట్టీ చూస్తూ ఆ ముక్క గమనించని నా తెలివికి నేనే నిర్ఘాంతపోయాను. కంప్యూటరు చల్లబడిందంటే ఇల్లు చల్లబడిందన్న మాట.

"ఫోన్ చేసి అడిగితే సరిపోయేది కదండీ?"

"ఒంటరి ముసలాణ్ణి బాగున్నావా అంటే బాగున్నాననే చెబుతాడు. కంప్యూటరుకు అబద్ధం రాదు."

తలుపు తీసిన ఉర్హో గారి ఒంటి మీద నాలుగు స్వెట్టర్లూ, ఒక దుప్పటీ ఉన్నాయి. పెదవులు నీలంగా ఉన్నాయి. లోపల హీటరు నిన్న సాయంత్రమే ఆగిపోయిందట. గిన్నెలో నీళ్ళ మీద మంచు పొర కట్టింది.

"నాకేం, నిక్షేపంగా ఉన్నాను. ఎవరి సాయమూ అక్కర్లేదు" అన్నాడు పళ్ళు టకటకలాడుతుంటే.

నేను నోరు తెరవబోయాను. ఐలా గారు నా కాలు తొక్కింది.

"నీ సంగతెవరడిగారు ఉర్హో? నీ కంప్యూటరు చలికి చచ్చేలా ఉంది. హీటరు బాగుచేసేవాణ్ణి పిలుస్తున్నాను. అందాకా దాన్ని మా ఇంటికి తీసుకెళతాను. నువ్వు లేకపోతే అది బెంగపడుతుంది. నువ్వూ రా."

ఆయన తన దుప్పటి తీసి ఆ యంత్రానికి కప్పాడు. "కంప్యూటరు కోసమైతే సరే" అని టోపీ పెట్టుకున్నాడు.

రెండు వారాల తర్వాత ఉర్హో గారు కొట్టుకు ఫోన్ చేశాడు. ఏమైందోనని హడలిపోతూ ఎత్తాను.

"ఐలాకు చెప్పు. ఆదివారం మధ్యాహ్నం పాన్‌కేకులు వేస్తున్నాను. నా కంప్యూటరుకు నలుగురు కూర్చుని తింటుంటే చూడాలని ఉందట."