రేవులో ఇచ్చేసిన టైరు

ఉదయం ఆరూ నలభైకి, నరసాపురం రేవులో ఇనుప ముక్క గీసుకుని కారు టైరులో గాలి దిగిపోయింది. చనిపోయిన మా అన్నయ్య మోజుపడి కొనుక్కున్న స్పోర్ట్స్ కారు అది. గోదావరి మీద మంచు కమ్మి అవతలి ఒడ్డు కనిపించడం లేదు.

పంక్చరు షాపతను టైరును వేలితో నొక్కి చూశాడు.

"పక్కన చీలిందండి. ప్యాచ్ వేస్తాను గానీ, స్పీడెళ్తే పేలిపోద్దండి. రాజమండ్రి నుంచి కొత్తది తెప్పించుకోండి."

"ప్యాచే వేయండి" అన్నాను. అన్నయ్య ఏరి కొన్న టైరును మార్చడానికి మనసొప్పలేదు.

ఇంతలో కార్లనూ మనుషులనూ నది దాటించే పంటు వచ్చింది. ఒడ్డుకు ఒరుసుకోకుండా దాని అంచున పాత టైర్లు వేలాడుతున్నాయి.

"డాక్టరు గారిని కాస్త పైకి లాగరా, మునిగిపోతున్నారు!" అని పంటు నడిపే సరంగు అరిచాడు. ఎవరిచ్చిన టైరును వాళ్ల పేరుతోనే పిలుస్తారట.

నా టైరును చూసి, "మార్చేస్తే మాకిచ్చెయ్యండమ్మా. ఎవరిదండి?" అన్నాడు.

"మా అన్నయ్యది. పోయాడు."

అతను టైరుకంటిన బురద తుడిచాడు.

"పేరేంటండి?"

"మూర్తి."

"మూర్తి గారిని ముందు వైపు కడతామండి. దెబ్బ మొదట అక్కడే తగులుద్ది."

పాతది సరంగుకిచ్చేసి, సాయంత్రం కొత్త టైరుతో పంటు ఎక్కాను. అవతలి రేవు దగ్గరపడుతుంటే, "మూర్తి గారూ, జాగ్రత్తండోయ్!" అని సరంగు కేకేశాడు. పంటు మెత్తగా ఆనుకుంది.

అప్పటిదాకా కారు ఆపిన ప్రతిసారీ డ్రైవరు సీటును అన్నయ్య కాళ్లకు సరిపడేలా వెనక్కి జరిపి ఉంచేదాన్ని. ఇప్పుడు జరపడం లేదు.