కొత్తూరు బండి హెడ్డు

మొన్న షాద్‌నగర్ నుంచి బస్సులో వస్తుంటే, పాలమాకుల దాటాక రోడ్డు పక్కన ఒక పాత వ్యాను బానెట్ ఎత్తుకుని ఆగి ఉంది. రేడియేటర్‌లోంచి ఆవిరి లేస్తోంది. డ్రైవరు నీళ్ల సీసా పట్టుకుని, పోయాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. పోయకు నాయనా, చల్లారనీ అని కిటికీలోంచి కేకేయబోయి, పక్కన కూర్చున్నావిడ నావైపు చూస్తే ఊరుకున్నాను. కుట్టుమిషను తప్ప మరో యంత్రం ముట్టుకోని నాకు ఈ సంగతి తెలిసింది మా బావ వల్ల.

మా బావ శంషాబాద్‌లో వ్యాను నడిపేవాడు. ఏం మోసే వ్యాను అని ఎవరైనా అడిగితే మా అక్క "ఎయిర్‌పోర్టు సామాను" అనేది. అబద్ధం కాదు. గల్ఫ్ దేశాలకు పనికి పోయి అక్కడే ప్రాణం విడిచినవాళ్ల పెట్టెలు ఇక్కడి కార్గోలో దిగుతాయి. వాటిని ఊళ్లకు చేర్చే బండి బావది. ఇంటికి రాగానే వాకిట్లో నల్లా కింద తల తడుపుకుంటే గానీ అక్క గడప దాటనిచ్చేది కాదు. ఒకసారి బండి ఖాళీగానే ఉంది కదా అని బావ అందులో బియ్యం బస్తా వేసుకొస్తే, ఆ బియ్యం వండాలా వద్దా అని వారం రోజులు ఆలోచించి చివరికి వండింది, తను మాత్రం ఆ బియ్యం ముట్టక జొన్నరొట్టె తిన్నది. బావకు కొత్తూరులో ఒక దోస్తు ఉండేవాడు. ఇద్దరూ ఒకే రకం వ్యాన్లు, ఒకేసారి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. చేసే పనీ ఒకటే. బావ నోరు విప్పడు, ఆయన నోరు మూయడు. మా వాకిట్లో ఇద్దరూ కూర్చుంటే వినపడేది ఒక్క గొంతే. అలాంటి మనిషి ఒక పొద్దున కాళ్లు కడుక్కుంటూ ఛాతీ పట్టుకుని కూలబడిపోయాడు, దవాఖానకు చేరేలోపే పోయాడు. ఆయన వ్యాను వాకిట్లో పట్టా కప్పుకుని ఉండిపోయింది. తుక్కువాళ్లు వచ్చి అడిగినా ఆయన భార్య ఇవ్వలేదు. బావ ఆమెను చెల్లె అనేవాడు, మేమూ కొత్తూరు చెల్లె అనే అనుకునేవాళ్లం.

ఆయన పోయిన మరుసటి ఎండాకాలం బావ ఒక పెట్టె తీసుకుని జగిత్యాల వైపు పోతున్నాడు. ముందు సీట్లో చనిపోయిన కుర్రాడి తండ్రి. సగం దారిలో ఇంజన్ వేడెక్కింది. వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటుతున్నా బావ ఆపలేదు. ఊళ్లో తల్లి ఎదురుచూస్తోందని ఫోను మీద ఫోను వస్తోంది మరి. చివరికి బండి తనే ఆగింది. చల్లారే దాకా ఆగాలని బావకు తెలియక కాదు. ఆగలేక, మరుగుతున్న ఇంజన్‌లో చన్నీళ్లు పోశాడు. లోపల టక్కుమని ఒక చప్పుడు వినపడిందట. ఆ తర్వాత ఎన్నిసార్లు తాళం తిప్పినా బండి పలకలేదు. బావ ఆ తండ్రి ముందు చేతులు జోడించి నిలబడితే ఆయన రోడ్డు పక్కన చెట్టు నీడ చూపించాడట.

"నా కొడుకును మస్తు దినాల సంది చూడలే బిడ్డా. ఇంకో గంటకు ఏమైతది. కూసో."

సిమెంటు బస్తాలు దించి తిరిగొస్తున్న ఒక లారీ ఆపి పెట్టెను అందులోకి ఎక్కించారు. బావ ఒక చెయ్యి వేశాడు. లారీ కనుమరుగయ్యే దాకా రోడ్డు మీదే నిలబడ్డాడు. అన్నేళ్లలో ఒక్క పెట్టెను కూడా మధ్యదారిలో వదిలిపెట్టిన మనిషి కాదు. ఇంటికొచ్చాక రెండు పూటలు అన్నం ముట్టలేదు.

మా వీధి చివర షెడ్డులో మెకానిక్ చాచా ఇంజన్ విప్పాడు. ఆయిల్ పాలు కలిసిన చాయ్ రంగులో బయటికొచ్చింది. నీళ్లు ఆయిల్‌లో కలిశాయన్నమాట. ఇంజన్ పైన మూతలా కూర్చునే ఇనుప దిమ్మెను హెడ్డు అంటారు, అది వాల్వుల మధ్య పగిలింది. ఆ మోడల్ బండ్లు కంపెనీ ఎప్పుడో ఆపేసింది కాబట్టి కొత్త హెడ్డు దొరకదు. ఇక పాతదే వెతకాలి. బావా చాచా పెళ్లిచూపులకు తిరిగినట్టు తుక్కు బజార్లన్నీ తిరిగారు. మొదట తెచ్చిన హెడ్డు మీద చాచా ఉక్కు స్కేలు నిలబెట్టి చూస్తే కింద నుంచి వెలుతురు కనపడింది, అంటే వంగిపోయిందన్నమాట. సాపు చేయిద్దామంటే ముందే ఎన్నిసార్లు అరగదీశారో, ఇక అరగదీయడానికి లోహమే మిగల్లేదు. రెండోది వెండిరంగు వేసి ముద్దుగా ఉంది. లేత్ షాపులో నీళ్లు ఒత్తిడి మీద ఎక్కిస్తే, రంగు కింద దాచిన వెల్డింగ్ గీతలోంచి చెమట పట్టినట్టు నీరు కారింది. చాచా చాయ్ గ్లాసు కింద పెట్టి, కొత్తూరు బండి హెడ్డు మంచిగుంది, దాని కింది గ్యాస్కెట్ రేకు నేనే వేసిన అన్నాడు. బావ లేచి ఇంటికొచ్చేశాడు.

అట్లా ఎన్నో వారాలు గడిచాయి. పెట్టెలు వేరే బండ్లలో పోతున్నాయి. బావ పొద్దున్నే లేచి, పోవలసిన చోటేదీ లేక, నా మిషను పక్కన కూర్చుని దారపు ఉండలు సర్దేవాడు. అది చూడలేక ఒక రోజు అక్క అతన్ని లేవదీసింది. నన్నూ రమ్మంది. ముగ్గురం కొత్తూరు పోయాం.

చెల్లె మజ్జిగ ఇచ్చింది. బావ గ్లాసులోకే చూస్తూ కూర్చున్నాడు. అడగవలసింది అక్కే అడిగింది. చెల్లె పట్టా కప్పిన బండి వైపు చూసింది.

"హెడ్డు తీస్తె ఇగ నడ్వదా అన్నా?"

"నడ్వదు చెల్లె," అన్నాడు బావ. వద్దంటే వద్దు, నేనేమీ అనుకోనని కూడా అన్నాడు.

"ఆయనుంటె నువ్వు అడిగేదాంక ఆగునా," అంది చెల్లె. "తీస్కపో. తీసే ముందు ఒక్కసారి చాలూ చెయ్యుండ్రి. దాని సప్పుడు ఇంట."

మర్నాడు చాచా బ్యాటరీ, డబ్బాలో డీజిల్ తెచ్చాడు. పట్టా తీస్తే సీటు కింద కోడి పెట్టిన గుడ్లు బయటపడ్డాయి. చెల్లె వాటిని కొంగులో వేసుకుంది. చాచా పైపులు విప్పి, ఊది, మళ్లీ బిగించాడు. ఇంజన్ దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి, ఎట్టకేలకు అందుకుంది. వాకిలంతా నల్లపొగ. పక్కిళ్లవాళ్లు గోడల మీది నుంచి చూశారు. చెల్లె గుడ్లు మా అక్క చేతికిచ్చి, వెళ్లి ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చుంది. ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. దారి చూస్తున్నట్టు ఆ గోడనే చూస్తూ కూర్చుంది. డీజిల్ అయిపోతుందని చాచా అనలేదు, చాలని బావా అనలేదు. కాసేపటికి తనే చెయ్యి చాపి తాళం తిప్పి ఇంజన్ ఆపేసింది. దిగి, "ఇగ తియ్యుండ్రి," అని లోపలికి పోయింది. మేం వెళ్లేటప్పుడు కూడా బయటికి రాలేదు.

ఆ హెడ్డుకు లేత్ షాపులో పరీక్ష పెడితే చుక్క నీరు కారలేదు. సాపు చేయించి, వాల్వులు కూర్చోబెట్టి, కొత్త గ్యాస్కెట్‌తో చాచా బిగించాడు. బండి బతికింది. బావ మొదటి గిరాకీ ఒప్పుకోకముందే ఖాళీ బండి వేసుకుని జగిత్యాల వైపు ఆ కుర్రాడి తండ్రి ఊరికి పోయి వచ్చాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు. ఆ తర్వాత ఎన్ని పెట్టెలు మోశాడో నాకు తెలియదు. కొన్ని రోజులు నల్లా కింద మామూలు కంటే ఎక్కువసేపు ఉండేవాడు.

హెడ్డు లేని బండిని చెల్లె ఇంకో వానాకాలం దాకా ఉంచుకుంది. వానకు నానిన గోడ దాని మీద కూలేలా ఉందని చివరికి తుక్కువాళ్లను పిలిచి, బావకు ఫోన్ చేసింది. బావ అప్పుడు నిర్మల్ దారిలో ఉన్నాడు. వెనక పెట్టె ఉంది, తిరగలేడు. మర్నాడు పోయేసరికి వాకిలి ఊడ్చి, పేడనీళ్ల చాన్పి చల్లి ఉంది. చెల్లె పీట వేసింది.

మా బండి కూడా ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు. హెడ్డు బాగానే ఉంది గానీ కింది ఇంజన్ అరిగిపోయింది. చాచా షెడ్డు మూసేసి కొడుకు దగ్గరికి పోయాడు, మళ్లీ విప్పి చూసేవాళ్లు లేరు. బావ ఇప్పుడు ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర కూర్చుంటాడు. వచ్చే బండ్ల చప్పుడు విని ఏది ఎన్నాళ్లు నడుస్తుందో మనసులోనే లెక్క వేసుకుంటాడనుకుంటాను, బయటికి అనడు. మనిషి పోయిన రోజు వేరు, అతని వస్తువు పోయిన రోజు వేరు. ఆ రెండింటి నడుమ దొరికిన కాలం అప్పుడు మాకు చాలా ఉన్నట్టే అనిపించింది. గడిచాక చూస్తే అదీ కొంచెమే.