చెవిమేస్త్రి తిరిగొచ్చాక

ఐదు నెలల తర్వాత ఇల్లు చేరిన మనిషి గుమ్మంలో చెప్పులు విడిచి, సంచి కింద పెట్టి, ఆ సంచి మీదే కూలబడ్డాడు. రెండు విమానాలు, వాటి మధ్య పదకొండు గంటల పడిగాపులు, ఆ పైన నాలుగు గంటల బస్సు. ఒంట్లో ఎముకలు ఉన్నాయో లేవో తెలియనంత అలసట. బస్టాండు నుంచి స్కూటరు మీద తీసుకొచ్చిన బామ్మర్ది మాత్రం దారి పొడవునా ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

"జనం కొత్తపెళ్లాంతో వెళ్లే దీవికి నువ్వు రెంచీలతో వెళ్లావు బావా. సముద్రంలో కాలైనా పెట్టావా? ఒక్క ఫొటో పంపిన పాపాన పోలేదు."

ఫొటో ఒకటుంది. ఫోన్ తీసి చూపించాడు. కంప్రెసర్ మీది నంబరు పలక అది, విడిభాగాలు తెప్పించడం కోసం తీసింది. బామ్మర్ది దాన్ని అక్క దగ్గరికి తీసుకెళ్లి, ఇదిగో నీ సవతి అన్నాడు. ఆమె నవ్వింది. అతను కూడా నవ్వాడు, వాళ్ల మొహాలు చూశాక.

చలిగదులు బిగించడం అతని పని. చేపలు, పాలు, మాంసం నిలవ ఉండే గదులకు చల్లదనం పంపే యంత్రాలు పెట్టడం, పాడైతే బాగుచేయడం. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మొదట్లో ఒక ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మెలు మోశాడు. మోస్తూ మోస్తూ యంత్రం చప్పుడు చెవిలో నాటుకుపోయింది. అది సుఖంగా నడిచేటప్పుడు ఎలా మోగుతుందో బాగా తెలిసినవాడు కనుక, రవ్వంత తేడా వచ్చినా అడుగు ఆగిపోయేది. గేజీలో ముల్లు కదలకముందే ఇతను కదిలేవాడు.

ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు అతని ఆస్తి. మొన బేరింగు మీద పెట్టి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి, కళ్లు మూసుకునేవాడు. లోపల ఏది అరిగిందో, ఏ రేకు చిట్లిందో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే ఉండేది. అలా చెవిమేస్త్రి అయ్యాడు. పట్టాలున్న ఇంజనీర్లు కూడా అతను కళ్లు తెరిచేదాకా మాట్లాడకుండా నిలబడేవారు. అతనికీ ఆ నిశ్శబ్దం అంటే ఇష్టం. పైకి చెప్పేవాడు కాదు, అంతే.

దీవిలో పని నలభై రోజులన్నారు. ఓడలో రావలసిన సామాను రాక, వచ్చినది సరిపడక, ఐదు నెలలైంది. కొత్త హోటలు. పైన ఈతకొలను, కొబ్బరిచెట్లు, తెల్ల ఇసుక. అతనికి దక్కింది వంటగది కింద ఉన్న యంత్రాల గది. చేయి ఎత్తితే కప్పు తగిలేది. పలుచటి రేకు అడ్డుకు అవతల రెండు జనరేటర్లు పగలూ రాత్రీ మోగేవి. వేడికి చొక్కా పిండితే నీళ్లు కారేవి. ఉప్పుగాలికి బోల్టులు నాలుగు రోజుల్లో ఎర్రబడేవి. సాయంత్రం నూనె పూసి పెట్టని పానా పొద్దున్నే తుప్పుతో పలకరించేది.

హోటలువాళ్లు అందరికీ మోత తగలకుండా చెవులకు పెట్టుకునే డిప్పలు ఇచ్చారు. మిగతా ఫిట్టర్లు పెట్టుకున్నారు. ఇతను తనవాటిని మేకుకు తగిలించాడు. చెవులు మూసుకుని కంప్రెసర్ బిగించడమంటే కళ్లు మూసుకుని సూదిలో దారం ఎక్కించడమే కదా అనుకున్నాడు. డిప్పలు పెట్టుకున్నవాళ్లను చూసి లోలోపల నవ్వుకున్నాడు కూడా. పనిరానివాడు ఇలాంటి తప్పు చేయడు. పని వచ్చినవాడే చేస్తాడు.

మూడో నెలలో చెవుల్లో సన్నటి మోత మొదలైంది. నీళ్లు చేరాయనుకుని తల వంచి గెంతాడు. మోత పోలేదు. ఒకరోజు గొట్టాల అతుకులకు సబ్బునురగ రాసి చూస్తుంటే ఒకచోట బుడగలు లేచాయి. గ్యాసు కారుతోంది. ఆ బుస చీకట్లో కూడా దొరికేది అతనికి ఒకప్పుడు. ఇప్పుడు బుడగలు కంటికి కనిపిస్తున్నాయి, బుస మాత్రం లేదు. అతుకు బిగించాడు. బిగించాక చాలాసేపు ఆ గొట్టం పక్కనే కూర్చున్నాడు.

అప్పుడే తిరిగొచ్చేయవలసింది. కానీ మూడు చలిగదుల్లో అప్పటికి ఒకటే చల్లబడింది. సగంలో ఉన్న పనిని ఇంకొకరి చేతిలో పెట్టడం అతనికి చేతకాదు. ఇంకో రెండు నెలలు అదే గదిలో, అదే మోతలో ఉండి, చేతివేళ్లతో, గేజీలతో నెట్టుకొచ్చాడు. మనుషుల మాటలు వినిపిస్తూనే ఉండటంతో ఎవరికీ అనుమానం రాలేదు.

ఇంటికొచ్చి మర్నాడు మధ్యాహ్నం దాకా పడుకున్నాడు. లేచి వంటింట్లో పీట మీద కూర్చున్నాడు. పొయ్యి మీద నీళ్ల కెటిల్ ఈల వేస్తోంది. ముందుగదిలో కుట్టుమిషను దగ్గరున్న భార్య కాసేపు చూసి, లేచి వచ్చి, పొయ్యి ఆపింది. అతను రెండడుగుల దూరంలో ఆ ఆవిరినే చూస్తూ ఉన్నాడు.

"ఏమండీ, పక్కనే ఉన్నారు కదా?"

"నిద్రమత్తు."

ఆమె అతని మొహంలోకి ఓసారి చూసి, టీ పోసి ఇచ్చింది.

ఆ సాయంత్రమే, అతను ఒకప్పుడు దిమ్మెలు మోసిన ఐస్ ఫ్యాక్టరీ మేనేజరు ఫోన్ చేశాడు. పాత కంప్రెసరులో రెండు రోజులుగా ఏదో కొత్త చప్పుడు వస్తోందట. మేస్త్రీగారు పానా పట్టక్కర్లేదు, వచ్చి చెవి పెట్టి వెళ్లిపోతే చాలన్నాడు. భార్య వద్దంది. నాలుగు రోజులు ఒళ్లు కూడగట్టుకోమంది. అతను సరేనని, పొద్దున్నే సంచి తీసుకుని బయల్దేరాడు. మొహమాటం కొద్దీ వెళ్లలేదు. ఇరవై ఏళ్లుగా తెలిసిన యంత్రం అది. తన చేతిలో ముసలిదైన యంత్రం. దాని దగ్గరైనా వినిపిస్తే తన పని తనకున్నట్టు. అక్కడ కూడా వినిపించకపోతే లేనట్టు.

ఫ్యాక్టరీలో ఆపరేటరు ఎదురొచ్చి, దీవి నీళ్లు పడ్డట్టు లేవే మేస్త్రీ, సగమయ్యారు అన్నాడు. అందరూ చుట్టూ చేరారు. అతను మొన ఆనించాడు. పిడిని ఎముకకు పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు.

అరచేతికి వణుకు తెలుస్తోంది. తలలో ఒక మొద్దు ఊపు తెలుస్తోంది. ఆ మొద్దుతనం మీద పరుచుకుని, దీవి నుంచి వెంట వచ్చిన సన్నటి మోత. అంతే. పిడిని కుడిచెవి నుంచి ఎడమచెవికి మార్చాడు. మొన ఇంకోచోట పెట్టాడు. ఎన్నడూ అంతసేపు కళ్లు మూసుకుని ఉండలేదు. కళ్లు తెరిస్తే ఏదో ఒకటి చెప్పాలి.

తెరిచి, ఆపరేటరు చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చాడు. "నువ్వు విని చెప్పు. ఎలా ఉంది?"

పరీక్ష పెడుతున్నాడనుకుని ఆపరేటరు బుద్ధిగా విన్నాడు. "గరగర అంటోంది మేస్త్రీ."

"ఎలాంటి గర? ఇసుక నలిగినట్టా, రేకు గీసినట్టా?"

"గరగరే మేస్త్రీ. గరగరలో రకాలుంటాయా?"

జనం నవ్వారు. ఇతను నవ్వలేదు. గేజీలు చూశాడు, సరిగ్గానే ఉన్నాయి. నూనె తీసి వేళ్ల మధ్య నలిపాడు, లోహపు రజను తగల్లేదు. అప్పుడైనా తెలియదని చెప్పవలసింది. నోరు రాలేదు. ఆపండి, విప్పుదాం అన్నాడు.

రోజంతా విప్పారు. లోపల బేరింగు పెళ్లికూతురి గాజులా మెరుస్తోంది. ఒక్క గీత లేదు. బాగున్న యంత్రాన్ని విప్పడం అతని జీవితంలో అదే మొదలు. మళ్లీ బిగిస్తుంటే, బెల్టు మీది రేకు తొడుగుకు ఒక బోల్టు వదులైందని ఆపరేటరే చూసి బిగించాడు. ఆ గరగర దానిది. ఆపరేటరు ఆ సంగతి పెద్దగా చెప్పలేదు. మెల్లగా దగ్గరికొచ్చి, మీకు ముందే తెలుసులే మేస్త్రీ, పనిలో పనిగా లోపల కూడా చూశారు అన్నాడు. ఆ మర్యాద అతనికి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

ఆ ఫ్యాక్టరీలో ఒక పద్ధతుంది. ఎంత చిన్న మరమ్మతు అయినా, చెవిమేస్త్రి ఊళ్లో ఉంటే, యంత్రం తిప్పాక అతను విని చేయి ఎత్తాలి. అప్పటిదాకా నీళ్లు నింపిన ఒక్క డబ్బా కూడా, ఐస్ గడ్డకట్టే ఉప్పునీటి తొట్టిలోకి దిగదు. ఎవరూ రాసిపెట్టిన పద్ధతి కాదు, అలా స్థిరపడిపోయింది. యంత్రం తిరిగింది. మోసేవాళ్లు డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు. మేనేజరు అతని వైపు చూశాడు. చేయి ఎత్తితే చాలు. చప్పుడు పోయిందని అందరికీ వినిపిస్తూనే ఉంది. ఎత్తినా తప్పు పట్టేవాడు లేడు.

అతను వెళ్లి స్విచ్చి ఆపాడు.

"నా కుడిచెవి పోయింది సార్. ఎడమది సగమే ఉంది. నా చేయి చూసి మిషను నడపొద్దు."

మేనేజరు ఎప్పటి నుంచి అని అడిగాడు. దీవిలో మూడో నెల నుంచి అన్నాడు. డాక్టరు అన్న మాట ఎవరో ఎత్తారు. చూపిస్తానన్నాడు గానీ, గొంతులో ఆశ లేదు. అరిగిన లోహం మళ్లీ పెరగదని అతనికి తెలిసినంతగా అక్కడ ఎవరికీ తెలియదు. మేనేజరు పక్కకు వెళ్లి, అవతలి వీధి మెకానిక్కుకు ఫోన్ చేశాడు. అది తప్పు కాదు. తను ఆ కుర్చీలో ఉన్నా అదే చేసేవాడు.

అతను ఇంటికి వెళ్లిపోవచ్చు. ఎవరూ ఉండమనలేదు. కానీ తను బిగించిన యంత్రం. మోసేవాళ్లు కూర్చునే బల్ల మీద, వాళ్లు జరిగి చోటిస్తే, చివర కూర్చున్నాడు.

అవతలి మెకానిక్కు వచ్చాడు. వయసులో చిన్నవాడు, పని తెలిసినవాడే. అతనికెవరూ ఇంకా ఏమీ చెప్పలేదు. యంత్రం తిప్పించి, విని, లేచి, నేరుగా బల్ల దగ్గరికొచ్చి, స్క్రూడ్రైవరు పిడిని ముందుకు తిప్పి గౌరవంగా చాచాడు.

"నాకైతే బాగానే ఉందన్నా. మీరుండగా నేను చేయెత్తితే ఏం బాగుంటుంది? మీరూ ఓసారి వినండి."

ఆపరేటరు తల తిప్పుకున్నాడు.

"నువ్వే ఎత్తు నాయనా," అన్నాడతను. "డబ్బాలు ఆగిపోయాయి."

ఆ కుర్రవాడు అర్థం కాక అందరి మొహాలూ చూశాడు. చివరికి సిగ్గుపడుతూ, సగం దాకా చేయి ఎత్తాడు. డబ్బాలు వరుసగా తొట్టిలోకి దిగాయి.